ఆ ఖాళీ గడులు నింపింది నేనే

పేరు, ఊరు రాయవద్దని కోరుతూ ఒక పాఠకురాలు తొమ్మిది పేజీల ఉత్తరం పంపారు. అందులోని విషయాన్ని కుదించి ఇస్తున్నాను.

ఆమె వయసు 34. మందులను నిల్వచేసి ఆసుపత్రులకు పంపే ఒక సంస్థలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నారు. టీకాలు, చల్లగా ఉంచవలసిన ఇంజెక్షన్లు ఉండే శీతల గది బాధ్యత ఆమెది. అక్కడ ఉష్ణోగ్రత 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. నాలుగు గంటలకొకసారి మీటరు చూసి, లాగ్ బుక్‌లో అంకె వేసి సంతకం చేయాలి. మూడేళ్ల క్రితం, తనిఖీకి ముందురోజు, రాత్రి షిఫ్టువాళ్లు ఒక గడి నింపడం మరిచిపోయారని తేలింది. మేనేజరు పిలిచి, "ఒక్క గడి కోసం మాట పడాలా? గది చల్లగానే ఉంది కదా, మీరు చూసి రాసేయండి" అన్నారట. ఈమె రాశారు. కొన్నాళ్లకు రెండు గడులు, తరువాత ఒక రాత్రి మొత్తం. ఇక ఆ తరువాత ఎవరూ అడగనక్కరలేకపోయింది. ఉదయం రాగానే ఖాళీలు నింపడం ఆమె దినచర్యలో భాగమైపోయింది.

అయిదు వారాల క్రితం ఒక రాత్రి శీతల యంత్రం ఆగిపోయింది. ఉదయం ఆరింటికి ఆమె వెళ్లేసరికి మీటరు మీద 16 డిగ్రీలు ఉంది. మేనేజరు వచ్చి, యంత్రం మళ్లీ నడిపించి, "ఇప్పుడు పనిచేస్తోంది కదా. ఈ సరుకు కోసం ఆసుపత్రులు ఎదురుచూస్తున్నాయి. ఆపితే రోగులకే కదా నష్టం. మీకు తెలియనిదేముంది, మీరే చూసుకోండి" అని వెళ్లిపోయారు. ఆమె లాగ్ బుక్ తెరిచి 5.1, 5.3, 5.0 అని రాశారు. "అన్నీ ఒకే అంకె అయితే అనుమానం వస్తుందని దశాంశాలు మార్చి మరీ రాశాను. నా చేతిని చూసి నాకే భయం వేసింది" అంటారు. సరుకు ఆ సాయంత్రమే వెళ్లిపోయింది.

రెండు రోజుల తరువాత పదకొండు మంది కూర్చున్న సమావేశంలో, ఎనిమిది నెలల క్రితం చేరిన ఒక కుర్రవాడు, "ఆ రాత్రి యంత్రం ఆగింది కదా సార్, ఆ బ్యాచ్ పంపించేశామా?" అని అడిగాడు. గది నిశ్శబ్దమైపోయింది. అతను ఈమె వైపు చూశాడు. ఈమె పెన్ను మూత తీస్తూ, పెడుతూ తల దించుకున్నారు. "లాగ్ బుక్‌లో అంతా సరిగానే ఉంది" అని మేనేజరు తరువాతి అంశానికి వెళ్లిపోయారు. పది రోజుల్లో ఆ కుర్రవాడిని రాత్రిపూట ప్యాకింగ్ పనికి మార్చారు. అప్పటినుంచి ఎదురుపడినా అతను ఈమెతో మాట్లాడడం లేదు.

తనకు పని నేర్పింది ఆ మేనేజరే, తండ్రి జబ్బుపడినప్పుడు అడగకుండానే నెల సెలవు ఇచ్చింది ఆయనే అని రాశారామె. "ఆయన నన్ను ఎన్నడూ బలవంతపెట్టలేదు. గొంతు కూడా పెంచలేదు. మరి ఎందుకు చేశాను? నేను చెడ్డదాన్నా, పిరికిదాన్నా? ఇప్పుడు నోరు విప్పితే సంతకాలు నావే కాబట్టి నన్నే దోషిని చేస్తారు. రోజూ రాత్రి నా భర్త దగ్గర ఏడుస్తున్నాను. ఉదయం మళ్లీ వెళ్లి గడులు నింపుతున్నాను. ఏం చేయాలో చెప్పండి" అన్నది వారి ప్రశ్న.

సమాధానం

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీరు అడిగిన రెండు ప్రశ్నలకంటే ముందు, అడగకుండా తొమ్మిది పేజీల పొడవునా చుట్టూ తిరిగిన మూడో విషయం ఒకటుంది: ఆ బ్యాచ్. ముందు దాని గురించి మాట్లాడుకుందాం. మిగతావి కొన్ని రోజులు ఆగగలవు, అది ఆగలేదు.

16 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉన్నంత మాత్రాన ఆ మందులన్నీ పాడయ్యాయని అనుకోవలసిన పని లేదు. కొన్ని ఆ మాత్రం వేడిని తట్టుకుంటాయి, కొన్ని తట్టుకోలేవు. టీకా పాడైతే రంగు మారదు, వాసన రాదు. లోపలి సత్తువ తగ్గిపోతుంది, అంతే. వేయించుకున్నవారికి తమకు రక్షణ ఉందన్న నమ్మకం మిగులుతుంది, రక్షణ మాత్రం ఉండకపోవచ్చు. ఏది నిలిచింది, ఏది పాడైంది అని తేల్చగలిగేది తయారీదారులే. ఏ మందు ఎంత వేడిని ఎన్ని గంటలు తట్టుకుంటుందో చెప్పే పరీక్షల వివరాలు వాళ్ల దగ్గర ఉంటాయి. కానీ వాళ్లకు నిజమైన అంకెలు కావాలి: యంత్రం సుమారుగా ఎప్పుడు ఆగింది, ఉదయానికి మీటరు ఎంత చూపింది. ఆ అంకెలు ఇప్పుడు మీ దగ్గరా, మీ మేనేజరు దగ్గరా, కొంతవరకు ఆ కుర్రవాడి దగ్గరా మాత్రమే ఉన్నాయి. అయిదు వారాలుగా మీరు గుండెలో మోస్తున్నది నేరభావన అనుకుంటున్నారు. దానితోపాటు వేరెవరికో అత్యవసరమైన సమాచారాన్ని కూడా మోస్తున్నారు. దించుకునే దారులు ఎన్నో ఉండవచ్చు, వాటి గురించి కింద రాస్తాను. దించుకోకుండా ఉండే దారిని మాత్రం నేను మీకు సూచించలేను.

ఇప్పుడు "ఎందుకు చేశాను" అన్న ప్రశ్న.

1961లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. జ్ఞాపకశక్తి మీద పరిశోధన అని చెప్పి మామూలు మనుషులను పిలిచాడు. పక్క గదిలో ఉన్న మనిషి జవాబు తప్పు చెప్పినప్పుడల్లా వీళ్లు ఒక మీట నొక్కి అతనికి కరెంటు షాకు ఇవ్వాలి. అవి ఉత్తుత్తి షాకులు, అరిచే మనిషి నటుడు. ఆ సంగతి మీట నొక్కేవారికి తెలియదు. 40 మందిలో 26 మంది చివరి మీట దాకా, అంటే 450 వోల్టుల దాకా వెళ్లారు. వెయ్యిమందిలో ఒకరు వెళ్తారేమోనని మానసిక వైద్యులు ముందుగా వేసిన అంచనా.

ఈ ప్రయోగం గురించి మీరు ఎక్కడో చదివే ఉంటారు. సాధారణంగా అందరూ ఆ 26 దగ్గరే ఆగిపోతారు. నేను మిమ్మల్ని చూడమనేది ఆ మీటల పెట్టెను. దాని మీద 30 మీటలు. మొదటిది 15 వోల్టులు, తరువాతిది 30, ఆ తరువాత 45. ఒక మీటకూ తరువాతి మీటకూ తేడా ఎప్పుడూ 15 వోల్టులే. మొదటి మీట చక్కిలిగింతలాంటిది, ఎవరైనా నొక్కుతారు. అది నొక్కినవాడికి రెండోది వద్దనడానికి కారణం దొరకదు. ఇరవయ్యోది ఎందుకు వద్దో చెప్పాలంటే పందొమ్మిదోది ఎందుకు నొక్కాడో చెప్పుకోవాలి. మీ మొదటి ఖాళీ గడి ఆ 15 వోల్టుల మీట. ఆరోజు గది నిజంగానే చల్లగా ఉంది, మీరు రాసిన అంకె బహుశా నిజమే. ఆ తరువాతి గడి కూడా అంతే. ఎక్కడా పెద్ద మెట్టు లేదు. మూడేళ్ల క్రితం, మొట్టమొదటి రోజునే మేనేజరు మిమ్మల్ని పిలిచి, "మీటరు 16 చూపుతోంది, మీరు 5.1 అని రాయండి" అని ఉంటే రాసేవారా? ఆ మాట మీరే ఆరో పేజీలో రాసుకున్నారు, "అప్పుడైతే చచ్చినా రాసేదాన్ని కాదు" అని. నేను నమ్ముతున్నాను.

"ఆయన బలవంతపెట్టలేదు కదా" అని మీరు పదే పదే రాశారు. అది మీ నేరాన్ని పెంచే విషయంగా మీకు కనిపిస్తోంది. నాకు వేరేగా కనిపిస్తోంది. మిల్‌గ్రామ్ ప్రయోగంలో ఎవరైనా తటపటాయిస్తే నిర్వాహకుడు నాలుగు వాక్యాలు వరసగా చెప్పేవాడు. మొదటిది "దయచేసి కొనసాగించండి". రెండోది, ప్రయోగానికి మీరు కొనసాగించడం అవసరం. మూడోది, మీరు కొనసాగించడం అత్యవసరం. నాలుగోది అచ్చమైన ఆజ్ఞ: మీకు వేరే దారి లేదు, కొనసాగించి తీరాలి. తరువాతి కాలంలో జెర్రీ బర్గర్ అనే పరిశోధకుడు ఈ ప్రయోగాన్ని కొంత మెత్తబరిచి మళ్లీ చేసి, 2009లో ప్రచురించాడు. అందులో నాలుగో వాక్యం దాకా వచ్చినవారిలో ఒక్కరు కూడా ఆ ఆజ్ఞకు లొంగలేదు. సూటిగా ఆజ్ఞాపిస్తే మనిషికి రోషం వస్తుంది. పని అవసరం, నీ సాయం కావాలి అంటే మనసు కరుగుతుంది. అలెక్స్ హాస్లమ్, స్టీఫెన్ రైకర్ అనే ఇద్దరు పరిశోధకులు ఇవన్నీ తిరగేసి, జనం కళ్లుమూసుకుని లొంగిపోవడం కంటే, తామొక మంచి పనిలో భాగస్వాములమని నమ్మి కొనసాగుతారని వాదించారు. మీ మేనేజరు మాటలు మళ్లీ చదవండి. ఆసుపత్రులు ఎదురుచూస్తున్నాయి, రోగులకు నష్టం. మీరు తొమ్మిదేళ్లుగా ఏ విలువ కోసం పనిచేస్తున్నారో దాన్నే ఆయన మీ చేతికి అందించారు. ఆపైన "మీరే చూసుకోండి". ఆ ఒక్క మాటతో పని ఆయనదీ, సంతకం మీదీ అయింది. ఆయన కావాలని ఇంత పన్నారని నేను అనడం లేదు. ఆయన పైనా ఎవరో ఉండి ఉంటారు, ఆయనకూ ఇలాంటి మాటలే చెప్పి ఉంటారు.

దీనికి మన భాషలో మొహమాటం అనే పదం ఉంది. మర్యాద, కృతజ్ఞత, చనువు, భయం అన్నీ కలగలిసి గొంతుకు అడ్డం పడే స్థితి అది. పని నేర్పిన మనిషి, తండ్రి జబ్బులో ఆదుకున్న మనిషి ముందు "కాదండీ" అనలేకపోవడం మీ ఒక్కరి లోపం కాదు. కానీ ఆ నెల సెలవుకు మీరు రుణపడింది ఆయనకు. ఆ రుణం తీర్చడానికి మీరు వాడుతున్నది ఎవరో రోగుల ఆరోగ్యం. అది మీ సొమ్ము కాదు. ఈ మాట మీకు కష్టంగా ఉంటుందని తెలుసు, అయినా చెప్పక తప్పడం లేదు.

కష్టమైనది ఇంకొకటి ఉంది. రోజూ రాత్రి భర్త దగ్గర ఏడ్చి, ఉదయం వెళ్లి గడులు నింపుతున్నానని రాశారు. మిల్‌గ్రామ్ గదిలో చివరి మీట నొక్కినవారిలో చాలామంది చెమటలు పట్టి, వణుకుతూ, పెదవులు కొరుక్కుంటూ నొక్కారు. "ఆ మనిషికి ఏమైనా అయితే?" అని అడుగుతూనే నొక్కారు. అభ్యంతరం నోటిలో ఉంది, విధేయత చేతిలో ఉంది. బాధపడుతున్నాం కాబట్టి ఇందులో మనం పూర్తిగా లేమని మనసు సర్దిచెప్పుకుంటుంది. మీ భర్త మంచి మనిషి, వింటున్నారు. అయితే ఆ ఏడుపు ఆవిరి పోయే కన్నంలా తయారైందేమో చూడండి. రాత్రి ఒత్తిడి దిగిపోతుంది కాబట్టి ఉదయం మళ్లీ పెన్ను పట్టుకోగలుగుతున్నారు. ఈ వారం ఆయనతో ఏడవడానికి బదులు ఒక కాగితం, పెన్ను తీసుకుని పక్కన కూర్చోమనండి. ఎందుకో కింద చెబుతాను.

ఇక ఆ సమావేశం. మేనేజరు దగ్గర జరిగిందీ, ఆ గదిలో జరిగిందీ ఒకటేనని మీరు అనుకుంటున్నారు. రెండూ వేరు. మొదటిది పైవాడికి లొంగడం. రెండోది పక్కవాళ్లను చూసి ఆగిపోవడం, నలుగురితో నారాయణ అనడం. ఆ గదిలో పదకొండు మందిలో యంత్రం ఆగిన సంగతి కనీసం అయిదారుగురికి తెలిసే ఉంటుందని మీరే రాశారు. ప్రతి ఒక్కరూ మిగతావారి మౌనాన్ని చూసి, "వీళ్లెవరికీ అభ్యంతరం లేనట్టుంది, నాకే ఎందుకు" అనుకుని ఉంటారు. మీ మౌనాన్ని చూసి ఇంకొకరు అలాగే అనుకుని ఉంటారు. గదిలో అత్యంత అనుభవజ్ఞురాలు, శీతల గది బాధ్యురాలు తల దించుకుంటే, మిగతావారికి అదే సమాధానం. తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, ఆ పిడికిళ్లన్నీ సమానంగా ఉండవు.

1951లో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక చిన్న ప్రయోగం ఫలితాలు ప్రచురించాడు. మూడు గీతల్లో ఏది నమూనా గీతతో సమానంగా ఉందో చెప్పాలి. చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. ఒంటరిగా అడిగితే దాదాపు ఎవరూ తప్పు చెప్పలేదు. కానీ గదిలో ముందున్నవారంతా, ముందే అనుకున్న ప్రకారం, ధైర్యంగా తప్పు జవాబు చెబితే, అసలు పరీక్షకు వచ్చిన మనిషి కూడా మూడింట ఒక వంతు సార్లు తన కళ్లను కాదని వాళ్ల మాటే చెప్పాడు. ఆ గుంపులో కేవలం ఒక్కరు నిజం చెప్పేలా ఏర్పాటు చేస్తే ఆ తప్పులు నూటికి అయిదారుకు పడిపోయాయి. మిల్‌గ్రామ్ కూడా ఇలాంటిది చేసి చూశాడు. పక్కన కూర్చున్న ఇద్దరు తోటివారు "మేం ఇక నొక్కం" అని లేచిపోతే, 40 మందిలో నలుగురే చివరి దాకా వెళ్లారు. 26 ఎక్కడ, 4 ఎక్కడ!

ఆ కుర్రవాడు ఆరోజు మీ వైపు చూసింది ఆ ఒక్క గొంతు కోసం. మీరు పెన్ను మూత మీద చూపు నిలిపిన ఆ కొన్ని క్షణాలను అయిదు వారాలుగా మరిచిపోలేకపోతున్నారంటే, మీకూ ఆ సంగతి అప్పుడే తెలుసు.

మరి మీరు పిరికివారా? నేను ఆ ముద్ర వేయను. జాలితో అంటున్న మాట కాదిది. "నేను పిరికిదాన్ని" అనుకోవడం ఎంత బాధపెట్టినా అందులో ఒక సౌకర్యం ఉంది. అది స్వభావం అయిపోతుంది, స్వభావాన్ని ఏం చేయగలం అని ఊరుకోవచ్చు. పైన చెప్పిన ప్రయోగాల్లో అవే రకం మనుషులు, గదిలో చిన్న మార్పు జరగగానే వేరే విధంగా ప్రవర్తించారు. అదే సమయంలో ఈ ప్రయోగాలను క్షమాపత్రంగా కూడా మీ చేతికి ఇవ్వలేను. మొదటి 40 మందిలో 14 మంది అదే గదిలో, అదే ఒత్తిడిలో ఆగిపోయారు. మీరు చేసింది తప్పే. అది మీరు మెట్టుమెట్టుగా వెళ్లి చేసిన తప్పు, అంటే ఎక్కడో ఒక మెట్టు మీద ఆగగలిగిన తప్పు కూడా.

ఇప్పుడు దారులు. ఒక్కొక్కదానికి ఏం పోతుందో, ఏం మిగులుతుందో రాస్తాను. ఎంచుకోవలసింది మీరు. మీ ఇంటి పరిస్థితి, ఈ ఉద్యోగం మీద ఎవరెవరు ఆధారపడి ఉన్నారన్నది నాకంటే మీకే తెలుసు.

ఏమీ చేయకుండా ఉండడం ఒక దారి. కొన్నాళ్లకు నిద్ర పట్టడం కూడా మొదలవుతుంది, మనసు దేనికైనా అలవాటుపడుతుంది. కానీ గడులు నింపుతూనే ఉండాలి. ఇంకోసారి యంత్రం ఆగకుండా ఉండదు. ఆరోజు 5.1 రాయనంటే, మొన్న ఎందుకు రాశారన్న ప్రశ్న ఎదురవుతుంది. దీనికి పైపైన చూస్తే ఖర్చు ఏమీ లేదు. అయిదేళ్ల లెక్కన చూస్తే అన్నింటికంటే ఖరీదైన దారి ఇదేనని నా అభిప్రాయం.

రాజీనామా చేసి వెళ్లిపోవడం ఇంకొకటి. మీరు దాని గురించి రెండు పేజీలు రాశారు. మీ చేతులు అప్పటినుంచి శుభ్రంగా ఉంటాయి, నిజమే. లాగ్ బుక్ మాత్రం అక్కడే ఉంటుంది. మీ కుర్చీలో కూర్చునే మనిషికి మొదటి రోజే ఖాళీ గడి ఎదురవుతుంది. బ్యాచ్ సంగతి చెప్పకుండా వెళ్లిపోతే, బయటికి వెళ్లాక చెప్పడం మరీ కష్టం. వెళ్లాలనుకుంటే చెప్పి వెళ్లండి.

మేనేజరుతో నేరుగా మాట్లాడడం మూడోది. ఆయనతో మీకున్న అనుబంధాన్ని బట్టి ఇదే మీకు అన్నింటికంటే సహజంగా తోచవచ్చు. దీనికి విమానాల ప్రపంచం నుంచి ఒక విషయం చెబుతాను. 1977 మార్చి 27న టెనెరిఫె ద్వీపంలో దట్టమైన పొగమంచులో, ఒకే రన్‌వే మీద రెండు పెద్ద విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. ఎగరబోతున్న విమానంలోని ఇంజనీరు, ఎదుటి విమానం రన్‌వే దాటిందా లేదా అని కెప్టెన్‌ను అడిగాడు. ఎంతో అనుభవమున్న కెప్టెన్, దాటేసిందని గట్టిగా చెప్పాడు. ఇంజనీరు మళ్లీ అడగలేదు. ఆ తరువాతి సంవత్సరాల్లో విమాన సిబ్బందికి ఇచ్చే శిక్షణే మారిపోయింది. సందేహాన్ని ప్రశ్నలా గొణిగి వదిలేయకుండా, చూసింది చెప్పాలి, దానివల్ల భయమేమిటో చెప్పాలి, ఏం చేయాలో చెప్పాలి, వినకపోతే స్వరం పెంచి మళ్లీ చెప్పాలి అని నేర్పుతున్నారు. మీ మాటల్లో అది ఇలా ఉండవచ్చు: "సార్, ఆరోజు ఉదయం మీటరు 16 చూపింది, నేను లాగ్ బుక్‌లో 5.1 అని రాశాను. ఆ మందులు పనిచేయకపోతే రోగులకు ప్రమాదం. తయారీదారులకు అసలు అంకెలు పంపుదాం. ఈ వారంలో మనం పంపకపోతే నేను క్వాలిటీ విభాగానికి రాస్తాను." నాలుగు వాక్యాలు. అద్దం ముందు గట్టిగా చెప్పి చూసుకోండి, నోరు అలవాటుపడాలి. ఆయన ఊపిరి పీల్చుకుని "సరే" అనే అవకాశం లేకపోలేదు, అలా జరగడం నేను చూశాను. కానీ ఆయన కాగితాలు సర్దేసుకునే అవకాశం కూడా ఉంది. కాబట్టి ఆయన గదిలోకి వెళ్లేముందే మీ దగ్గర ఉండవలసినవి ఉండాలి.

మీ భర్తను పక్కన కూర్చోబెట్టుకుని రాయమన్న కాగితం అందుకే. ఏ తేదీన ఏం చూశారు, ఎవరు ఏ మాటలన్నారు, మీరు ఏ అంకె రాశారు, జ్ఞాపకం ఉన్నంతవరకు వరసగా రాసి తేదీ వేయండి. ఊహలు వద్దు, చూసినవి, విన్నవి మాత్రమే. శీతల యంత్రానికి అలారం ఉంటే, ఉష్ణోగ్రతను తనంతట తాను నమోదు చేసే పరికరం ఉంటే, ఆ రాత్రి లెక్క అందులో ఉండవచ్చు. దాన్ని చెరిపేసే ఆలోచన ఎవరు చేసినా మీరు దగ్గరకు వెళ్లకండి. లాగ్ బుక్‌లో పాత అంకెలను మీరు గుట్టుగా దిద్దకండి, ఆ పేజీ చింపకండి. మంచి ఉద్దేశంతో చేసినా అది రెండో తప్పు అవుతుంది. ఇవన్నీ పట్టుకుని, ఏ మాటా బయటపెట్టకముందే, సంస్థతో సంబంధం లేని ఒక న్యాయవాదిని కలవండి. సంతకాలు మీవే కాబట్టి మీ మీద చర్య ఉండవచ్చు, ఉండదని నేను మభ్యపెట్టను. ఇలాంటివి బయటపెట్టినవారికి చట్టం ఇచ్చే రక్షణ ఒక్కో చోట ఒక్కో విధంగా ఉంటుంది. ఒకటి మాత్రం చెప్పగలను. తానుగా వచ్చి నిజం చెప్పిన మనిషికీ, తనిఖీలో పట్టుబడిన మనిషికీ ఎక్కడైనా తేడా ఉంటుంది. న్యాయవాది దగ్గరికి మాత్రం నెలలు కాదు, రోజుల్లో వెళ్లండి.

నాలుగోది, మేనేజరును దాటి క్వాలిటీ విభాగానికో, సంస్థ పెద్దలకో రాయడం. అక్కడా వినేవారు లేకపోతే తయారీదారుకో, మందుల నియంత్రణ అధికారులకో రాయడం. మేనేజరు మీ ప్రపంచంలో ఒకే ఒక్క పెద్దగా మీకు కనిపిస్తున్నారు. మిల్‌గ్రామ్ ఒకసారి ఇద్దరు నిర్వాహకులను పెట్టి, ఒకరి చేత కొనసాగించమని, ఇంకొకరి చేత ఆపమని చెప్పించాడు. అప్పుడు ఏ ఒక్కరూ చివరి మీట దాకా వెళ్లలేదు. అధికారం రెండుగా చీలగానే మనిషికి తన సొంత బుద్ధి తిరిగి వస్తుంది. మీ శీతల గది తలుపు మీద 2 నుంచి 8 డిగ్రీలు అని అంటించిన కాగితం కూడా ఒక అధికారమే. క్వాలిటీ విభాగం కూడా అధికారమే. ఈ దారిలో మేనేజరుతో మీ సంబంధం బహుశా తెగిపోతుంది. కొందరు సహోద్యోగులు ముఖం తిప్పుకుంటారు, ముఖ్యంగా ఆరోజు తమ మౌనం కూడా బయటపడుతుందని భయపడేవాళ్లు. మిగిలేది, ఆ బ్యాచ్ సంగతి తేల్చగలిగినవాళ్ల చెవిన పడటం. దీన్ని రాతలోనే చేయండి. ఆష్ ప్రయోగంలో జవాబును పైకి చెప్పకుండా కాగితం మీద రాయనిచ్చినప్పుడు జనం గుంపుకు లొంగడం బాగా తగ్గింది. పదకొండు జతల కళ్ల ముందు రాని మాట, ఇంట్లో బల్ల దగ్గర వస్తుంది.

ఏ దారి పట్టినా, రేపటి ఖాళీ గడి విషయం వేరే. దానికి న్యాయవాది అక్కరలేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు. ఖాళీగానే వదలండి. పక్కన "ఈ సమయంలో నమోదు చేయలేదు" అని రాసి, అప్పటి తేదీ వేసి సంతకం చేయండి. మేనేజరు అడిగితే, "నేను చూడని అంకె ఇకనుంచి రాయను సార్" అనండి. కారణాలు పది చెప్పకండి, కారణం చెప్పిన కొద్దీ వాదన పెరుగుతుంది. మీరు వెళ్లిన మెట్లు చిన్నవి. వెనక్కి వచ్చే మొదటి మెట్టు కూడా ఇంత చిన్నదే కావచ్చు.

ఆ కుర్రవాడితో మాట్లాడాలా అని చివర్లో చిన్న అక్షరాలతో అడిగారు. మాట్లాడాలి. క్షమించమని అడగడానికంటే ముందు, అతను చూసింది నిజమేనని చెప్పడానికి. అయిదు వారాలుగా అతను తన కళ్లనే అనుమానించుకుంటూ ఉండవచ్చు. 1966లో చార్లెస్ హాఫ్లింగ్ అనే మానసిక వైద్యుడి బృందం జరిపిన ప్రయోగంలో, ముఖం కూడా చూడని డాక్టరు ఫోనులో చెప్పగానే, సీసా మీద రాసిన గరిష్ఠ మోతాదుకు రెట్టింపు మందు ఇవ్వడానికి 22 మంది నర్సుల్లో 21 మంది సిద్ధమయ్యారు. 1977లో వేరే పరిశోధకులు, నర్సులకు తెలిసిన మందుతో, తోటివారిని అడిగే వీలు ఉంచి ఇలాంటిదే చేస్తే, 18 మందిలో ఇద్దరే సిద్ధమయ్యారు. పక్క మనిషిని "ఇది సరిగ్గానే ఉందంటావా?" అని అడిగే వీలుంటే ఎంత తేడా వస్తుందో చూడండి. మీ ఇద్దరికీ ఆ వీలు ఇప్పటికీ ఉంది. అతన్ని మీతోపాటు సంతకం చేయమని మాత్రం అడగకండి. అతను కొత్తవాడు, ఇప్పటికే మూల్యం చెల్లించాడు. అతనే ముందుకు వస్తే అది వేరే మాట. రాత్రి షిఫ్టు మొదలయ్యే ముందు ప్యాకింగ్ దగ్గరికి వెళ్లి, "ఆరోజు నువ్వు అడిగింది సరైన ప్రశ్న. మీటరు 16 చూపింది, నేను చూశాను" అని చెప్పండి. అతను కోపంగా ఏదైనా అంటే వినండి, సమర్థించుకోకండి.

మీ ఉత్తరం ఏడో పేజీలో ఆ బ్యాచ్ నంబరు రాసి కొట్టేశారు. తొమ్మిదో పేజీలో మళ్లీ రాసి, ఈసారి ఇంకా గట్టిగా, కాగితం చిరిగేలా కొట్టేశారు. నంబరు మీకు కంఠతా వచ్చని నాకు అర్థమైంది. ఈ రాత్రి మీ భర్త పక్కన కూర్చున్నప్పుడు, ఆ కాగితం మీద మొట్టమొదట దాన్ని రాయండి.